బయాలజీ పరీక్షకు ఎలా సిద్ధమవ్వాలి: పుస్తకం మూసి చదివే పద్ధతి

"పాఠాలన్నీ మూడుసార్లు చదివాను. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంది. హాల్లో కూర్చోగానే ఒక్కటీ గుర్తు రాలేదు." బయాలజీ గురించి హైస్కూల్ పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. మాటలు మారతాయంతే.

బయాలజీ చదవడానికి కథలా సాఫీగా సాగిపోతుంది. చిక్కు అక్కడే ఉంది. లెక్కల పుస్తకాన్ని ఊరికే చదివితే రాదని అందరికీ తెలుసు, పెన్ను పట్టాల్సిందే. బయాలజీలో ఆ అడ్డు ఉండదు. పేజీలు తిరిగిపోతుంటాయి. కళ్లకు అలవాటైన వాక్యం కనపడగానే "ఇది నాకు వచ్చు" అనిపిస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. పరీక్షలో అడిగేది రెండోది.

కింద చెప్పిన పనులన్నీ ఆ రెండోదాని కోసమే. నాలుగు వారాల సమయం ఉందనుకుని రాశాను. అంత లేకపోతే ఏం వదిలెయ్యాలో మూడో భాగంలో ఉంది.

## 1. ముందు ఇవి సమకూర్చుకోండి

☐ ఈ ఏడాది సిలబస్. ఏ పాఠాలు ఉన్నాయి, ఏవి తీసేశారు

☐ ప్రశ్నపత్రం పద్ధతి: ఎన్ని ప్రశ్నలు, దేనికి ఎన్ని మార్కులు, ఎంత సమయం, చాయిస్ ఎక్కడుంది

☐ పాత ప్రశ్నపత్రాలు, కనీసం నాలుగైదు

☐ టెక్స్ట్‌బుక్. గైడ్లు, నోట్సులు దాని తర్వాతే

☐ గీతల్లేని తెల్ల నోటుబుక్ ఒకటి, బొమ్మల కోసం

☐ బాగా చెక్కిన పెన్సిల్, రబ్బరు, స్కేలు

☐ చిన్న నోటుబుక్ ఒకటి. దాని మీద "నా తప్పులు" అని రాసి పెట్టుకోండి, తర్వాత చాలా పని ఉంది దానితో

ప్రశ్నపత్రం పద్ధతి చూడకుండా చదువు మొదలుపెట్టకండి. ఒక మార్కు ప్రశ్నలు ఎక్కువగా వచ్చే పేపర్‌కీ, పెద్ద జవాబులు ఎక్కువగా అడిగే పేపర్‌కీ చదివే తీరే మారిపోతుంది.

## 2. ఒక గంటలో మీ పరిస్థితి తేల్చుకోండి

పాఠాల పేర్లు ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఒక్కో పాఠానికి నాలుగైదు నిమిషాలు పెట్టుకుని, పుస్తకం తెరవకుండా ఆ పాఠంలో గుర్తున్నవి చిత్తుగా రాయండి. అక్షరాలు బాగుండక్కర్లేదు. వాక్యాలు కూడా అక్కర్లేదు.

తర్వాత పాఠం తిరగేసి, మూడిట్లో ఒక గుర్తు పెట్టండి: "వచ్చు", "సగం వచ్చు", "రాదు".

ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు. ఖాళీ కాగితం చూస్తే టెన్షన్ వస్తుంది. కానీ ఇది చేయకపోతే జరిగేదేమిటంటే, ప్రతిసారీ మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు, మొదటి మూడు పాఠాలు కంఠతా వస్తాయి, చివరి మూడు ముట్టుకోకుండానే పరీక్ష వచ్చేస్తుంది. పోషణ పాఠం పేజీలు నలిగిపోయి, అనువంశికత పేజీలు కొత్తగా మెరుస్తూ ఉన్న పుస్తకాలు ఎన్నో చూశాను.

## 3. టైమ్‌టేబుల్: రోజులు కాదు, చక్కర్లు లెక్కపెట్టండి

"సోమవారం పాఠం ఒకటి, మంగళవారం పాఠం రెండు" అని రాసుకుంటే అది చదివే టైమ్‌టేబుల్ మాత్రమే. ఒక పాఠం ఒక్కసారి చదివి వదిలేస్తే వారానికల్లా చాలా భాగం జారిపోతుంది. తిరిగి వచ్చే రోజులు కూడా అందులోనే ఉండాలి.

ఒక పాఠం ఈ రోజు చదివితే, మర్నాడు పది నిమిషాలు, ఆ తర్వాత మూడో రోజున ఒకసారి, వారానికి ఒకసారి, పదిహేనో రోజుకి ఒకసారి దాన్ని పలకరించండి. ఈ అంకెలు రాతి మీద గీతలేం కాదు. ఒకరోజు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. విరామం క్రమంగా పెరగడం ముఖ్యం. పలకరించడం అంటే మళ్లీ చదవడం కాదు. పుస్తకం మూసి రాయడం, తర్వాత తెరిచి సరిచూసుకోవడం.

నాలుగు వారాలు ఇలా పంచుకోవచ్చు:

- మొదటి రెండు వారాలు: "రాదు", "సగం వచ్చు" అన్న పాఠాలు. కష్టమైనది ఒకటి, తేలికైనది ఒకటి మార్చి మార్చి.
- మూడో వారం: "వచ్చు" అన్న పాఠాలు, అన్ని పాఠాల బొమ్మలు, ప్రయోగాలు.
- నాలుగో వారం: పాత ప్రశ్నపత్రాలు, తప్పుల నోటుబుక్.

పది రోజులే ఉంటే: "సగం వచ్చు" అన్నవాటితో మొదలుపెట్టండి, మార్కులు త్వరగా పెరిగేది అక్కడే. "రాదు" అన్నవాటిలో బొమ్మ, నిర్వచనాలు, పాఠం చివరి ప్రశ్నలు చూస్తే చాలు.

మూడు రోజులే ఉంటే: కొత్త పాఠం మొత్తంగా నేర్చుకునే సాహసం వద్దు. రెండు పాత పేపర్లు రాయండి, తప్పు పోయినవాటినే చదవండి.

## 4. ఒక పాఠాన్ని చదివే వరుస

వరుస తప్పితే సమయం రెట్టింపు పడుతుంది. నేను చెప్పే వరుస ఇది.

మొదట బొమ్మలు. వచనం చదవకుండా పాఠంలో ఉన్న బొమ్మలు, పట్టికలు, వాటి కింద రాసిన పేర్లు చూడండి. ఐదు నిమిషాలు.

తర్వాత పాఠం చివరి ప్రశ్నలు. జవాబులు తెలియక్కర్లేదు. ఏం వెతకాలో తెలిస్తే చదివేటప్పుడు కళ్లు అక్కడ ఆగుతాయి.

అప్పుడు పాఠం. ఒక ఉపశీర్షిక అయ్యేదాకా చదివి ఆగండి. పాఠమంతా ఒకే బిగిన చదవద్దు.

పుస్తకం మూయండి. ఆ ఉపశీర్షికలో ఉన్నది నాలుగైదు మాటల్లో రాయండి లేదా ఎదురుగా ఎవరో ఉన్నట్టు పైకి చెప్పండి. చెప్పేటప్పుడు "అంటే... అదే..." అని ఆగిన చోటే మీకు రానిది.

తెరిచి, వేరే రంగు పెన్నుతో సరిదిద్దండి. తప్పిపోయిన మాటల్ని ఆ రంగులోనే చేర్చండి. రేపు చూడాల్సింది ఆ రంగు మాటల్నే.

నాలుగో మెట్టు చాలామంది దాటేస్తారు. రాసేదాంట్లో సగం తప్పు పోతుంటే చదువు ముందుకు సాగనట్టు అనిపిస్తుంది కాబట్టి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం గుర్తు తెచ్చుకుని రాయడం ప్రాక్టీస్ చేసినవాళ్లు వాళ్లను దాటేశారు. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా.

హైలైటర్ గురించి ఒక మాట. పేజీలో ముప్పాతిక భాగం పసుపు రంగు పూస్తే, రంగు లేని వాక్యాలే కొట్టొచ్చినట్టు కనపడతాయి. పుస్తకం మూసి రాసి చూశాక, రానిదానికే రంగు వేయండి.

## 5. బొమ్మలు: మార్కులు ఎక్కువగా పోయేదీ, తేలిగ్గా వచ్చేదీ ఇక్కడే

"నాకు డ్రాయింగ్ రాదు" అనే మాట పక్కన పెట్టండి. బయాలజీ బొమ్మకు అందం కాదు కావలసింది. ఏ భాగం దేని పక్కన ఉంది, ఏది దేనితో కలిసింది అన్నది సరిగ్గా ఉండాలి. షేడింగ్ వేయద్దు, ఒక్క గీతతో స్పష్టంగా గీయండి.

గుండె బొమ్మనే తీసుకుందాం. వరుసగా ఇలా వెళ్లండి:

1. పేజీ మధ్యలో, అరపేజీ పొడవున, కింద మొన మీ కుడిచేతి వైపుకి కాస్త వంగి ఉండేలా బయటి ఆకారం గీయండి.
2. లోపల నిలువు గోడ ఒకటి వేయండి. ఇది కుడి, ఎడమ భాగాల్ని విడదీస్తుంది.
3. అడ్డంగా ఒక విభజన. పైవి కర్ణికలు, కిందివి జఠరికలు.
4. ఇక్కడ ఆగి, పేజీలో మీ ఎడమచేతి వైపున "కుడి" అని, కుడిచేతి వైపున "ఎడమ" అని పెన్సిల్‌తో చిన్నగా రాసుకోండి. బొమ్మలో ఉన్నది మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె. ఈ ఒక్క మెట్టు మరిచిపోతే ఆ తర్వాత రాసే పేర్లన్నీ తారుమారవుతాయి.
5. ఎడమ జఠరిక గోడను కుడిదానికంటే మందంగా గీయండి. అది అలంకారం కాదు, దాని మీదే ప్రశ్న వస్తుంది.
6. కవాటాలు: కుడివైపు అగ్రత్రయ కవాటం, ఎడమవైపు అగ్రద్వయ కవాటం.
7. రక్తనాళాలు చివర్లో. బృహత్సిరలు కుడి కర్ణికలోకి, పుపుస సిరలు ఎడమ కర్ణికలోకి. పుపుస ధమని కుడి జఠరిక నుంచి, బృహద్ధమని ఎడమ జఠరిక నుంచి.
8. రక్తం వెళ్లే దారికి బాణాలు.
9. పేర్లు రాసే గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా. గీత చివర సరిగ్గా ఆ భాగాన్ని తాకాలి. కుడి కర్ణిక దగ్గరగా గాల్లో ఆగిన గీత దేన్ని చూపిస్తోందో దిద్దేవాళ్లకు తెలియదు.

మొదటి రోజు చూసి గీయండి. రెండో రోజు మూసి గీయండి, తప్పులు సరిచేయండి. మూడోసారి సమయం పెట్టుకుని గీయండి, ఆరేడు నిమిషాల్లో పూర్తవ్వాలి. అందంగా ఇరవై నిమిషాలు గీసిన బొమ్మ పరీక్షలో నష్టమే.

నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే భాగం) బొమ్మలో తప్పు వేరే చోట జరుగుతుంది. బౌమన్ గుళికలోకి వచ్చే అభివాహి ధమనిక వెడల్పుగా, బయటికి వెళ్లే అపవాహి ధమనిక సన్నగా ఉండాలి. రెండూ ఒకే లావున గీసేస్తారు. గుళికలోని సన్నని రక్తనాళాల గుత్తిలో (రక్తకేశనాళికాగుచ్ఛంలో) పీడనం పెరిగి వడపోత జరగడానికి కారణమే ఆ తేడా. బొమ్మ సరిగ్గా గీస్తే "వడపోత ఎలా జరుగుతుంది?" అన్న జవాబు సగం వచ్చేసినట్టే.

బొమ్మ పూర్తయ్యాక చూసుకోవాల్సినవి:

☐ బొమ్మకు పేరు రాశానా

☐ బొమ్మ కనీసం మూడోవంతు పేజీ ఉందా

☐ గీతలు భాగాన్ని తాకుతున్నాయా

☐ ప్రశ్నలో ఎన్ని భాగాలు గుర్తించమన్నారో అన్ని గుర్తించానా

☐ పేర్లన్నీ వీలైనంత వరకు ఒకే పక్క, ఒకదాని కింద ఒకటి ఉన్నాయా

## 6. ప్రక్రియల్ని బాణాల గొలుసుగా మార్చండి

జీర్ణక్రియ, రక్తప్రసరణ, మూత్రం తయారవడం, ప్రతీకార చర్య. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనులు. పేరా రూపంలో బట్టీ పడితే మధ్యలో ఒక మాట మర్చిపోగానే మొత్తం ఆగిపోతుంది. బాణాల గొలుసుగా ఉంటే తెగిన లింకు ఎక్కడో కనపడుతుంది.

వేడి గిన్నె తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు:

చర్మంలోని గ్రాహకం → జ్ఞాననాడి → వెన్నుపాము → చాలకనాడి → చేతి కండరం

ఒక్కో బాణం దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎందుకు జరిగింది? ఇది ఆగిపోతే ఏమవుతుంది? చాలకనాడి దెబ్బతింటే వేడి తెలుస్తుంది, చెయ్యి మాత్రం కదలదు. జ్ఞాననాడి దెబ్బతింటే? జవాబు మీరే చెప్పుకోండి. ఆలోచించి రాయమనే ప్రశ్నలు చాలావరకు ఈ "ఆగిపోతే" నుంచే పుడతాయి.

రక్తప్రసరణకు నేను చెప్పే కిటుకు: మీరే ఒక ఎర్ర రక్తకణం అనుకోండి. కాలి బొటనవేలి నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే చేరాలి. దారిలో తగిలే ప్రతి గదినీ, కవాటాన్నీ, నాళాన్నీ పైకి చెప్పండి, ఆక్సిజన్ ఎక్కడ ఎక్కించుకున్నారో, ఎక్కడ దింపారో కూడా. గుండెలోకి రెండుసార్లు వెళ్లకుండా ఇల్లు చేరితే దారి తప్పినట్టే.

## 7. పదాలు: జంటలుగా నేర్చుకోండి

బయాలజీలో కొత్త పదాలు కుప్పలుగా ఉంటాయి. విడివిడిగా నేర్చుకుంటే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కలిసిపోయేవాటిని ముందే పక్కపక్కన పెట్టండి.

- ఊపిరి పీల్చి వదలడం, శ్వాసక్రియ: మొదటిది గాలి లోపలికి, బయటికి వెళ్లడం. రెండోది కణాల్లో ఆహారం నుంచి శక్తి విడుదలవడం.
- ధమని, సిర: గుండె నుంచి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. "మంచి రక్తం, చెడు రక్తం" అని గుర్తుపెట్టుకుంటే పుపుస ధమని దగ్గర బోల్తా పడతారు. అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం.
- దారువు, పోషక కణజాలం: నీరు, లవణాలు పైకి మోసేది దారువు. తయారైన ఆహారాన్ని మోసేది పోషక కణజాలం.
- సమవిభజన, క్షయకరణ విభజన: మొదటిదాంట్లో రెండు పిల్లకణాలు, క్రోమోజోముల సంఖ్య మారదు. రెండోదాంట్లో నాలుగు, సంఖ్య సగం.
- జన్యురూపం, దృశ్యరూపం: లోపల ఉన్న జన్యువుల జత మొదటిది. పైకి కనపడేది రెండోది.
- విసర్జన, మలం బయటికి పోవడం: కణాల్లో తయారైన వ్యర్థాల్ని పంపించడమే విసర్జన. జీర్ణం కాని ఆహారం బయటికి పోవడం వేరు.

కొన్ని తప్పులు ప్రతి ఏడాదీ వస్తాయి. మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయని రాస్తారు. అవి పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయి, వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ అదనం. పైత్యరసం పిత్తాశయంలో తయారవుతుందని రాస్తారు. తయారయ్యేది కాలేయంలో, పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. అందులో జీర్ణ ఎంజైములు కూడా ఉండవు, కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టడమే దాని పని.

అట్టముక్కల మీద ఒకవైపు పదం, రెండోవైపు అర్థం రాసుకుంటే సాధనకు బాగుంటుంది. అయితే అర్థం వైపు చూసి పదం చెప్పడం కూడా చేయండి. పరీక్షలో రెండు వైపుల నుంచీ అడుగుతారు.

## 8. ప్రయోగాలు: ఏం చేశారు కాదు, ఎందుకు చేశారు

ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగం అందరికీ తెలుసు. విధానం వరుసగా రాస్తారు. "ఎందుకు?" అని అడిగితే ఆగిపోతారు. కాబట్టి ప్రతి మెట్టు పక్కన కారణం రాసి పెట్టుకోండి:

- మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచాలి. ఆకులో అప్పటికే ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోవడానికి.
- ఆకును మరిగే నీటిలో ముంచాలి. కణాలు చనిపోయి, త్వచాలు తెగి, అయోడిన్ లోపలికి వెళ్లడానికి.
- ఆల్కహాల్‌లో ఉడికించాలి. పత్రహరితం కరిగిపోయి రంగు మార్పు స్పష్టంగా కనపడటానికి.
- ఆల్కహాల్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీటి పాత్రలో ఉంచాలి. అది ఇట్టే అంటుకుంటుంది.
- ఆకును నీటితో కడగాలి. ఆల్కహాల్‌లో ఉడికిన ఆకు పెళుసుగా ఉంటుంది, మెత్తబడటానికి.
- అయోడిన్ చుక్కలు వేయాలి. పిండిపదార్థం ఉన్నచోట నీలి నలుపు.

పోలిక కోసం పెట్టే రెండో అమరిక గురించి తప్పక ఆలోచించండి. కాంతి అవసరమని నిరూపించాలంటే రెండు ఆకు భాగాల మధ్య కాంతి ఒక్కటే తేడా ఉండాలి. ఇంకేదైనా తేడా ఉంటే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేం. "ఈ ప్రయోగంలో లోపం ఏమిటి?" అన్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

## 9. జన్యువుల లెక్కలు, గ్రాఫులు

ఇక్కడ చదివేది తక్కువ, చేతితో చేసేది ఎక్కువ. ఎప్పుడూ ఒకే క్రమం: తల్లిదండ్రుల దృశ్యరూపం, వాటి జన్యురూపం, సంయోగబీజాలు, గడుల పట్టిక, చివర నిష్పత్తి. గడులు నింపి నిష్పత్తి రాయకుండా వదిలేస్తే ఒక మార్కు గాల్లో కలిసినట్టే.

బహిర్గత లక్షణానికి పెద్ద అక్షరం, అంతర్గత లక్షణానికి అదే అక్షరం చిన్నది వాడతాం. పెద్దదీ చిన్నదీ ఒకేలా కనపడే సి, ఎస్, డబ్ల్యూ లాంటివి మీరు ఎంచుకోకండి. ప్రశ్నలోనే ఇస్తే, చిన్నదాన్ని స్పష్టంగా చిన్నగా రాయండి. దిద్దేవాళ్లు ఊహించుకుని మార్కు వేయరు.

రెండు విషమయుగ్మజ (ఒక పెద్ద అక్షరం, ఒక చిన్న అక్షరం ఉన్న) పొడుగు మొక్కల సంకరణంలో దృశ్యరూప నిష్పత్తి 3:1, జన్యురూప నిష్పత్తి 1:2:1. ఏది అడిగారో చూసుకుని రాయండి. నాలుగు మొక్కలుంటే కచ్చితంగా మూడు పొడుగ్గా ఉంటాయని దీని అర్థం కాదు. మెండెల్ బఠానీల్లో రెండో తరంలో గుండ్రటివి 5,474, ముడతలవి 1,850 వచ్చాయి. అంటే 2.96:1. అంత పెద్ద లెక్కలోనే సరిగ్గా మూడు రాలేదు.

గ్రాఫుకు: మనం మార్చేది అడ్డంగా, దానివల్ల మారేది నిలువుగా. రెండు అక్షాలకూ పేరు, ప్రమాణం. వివరించమంటే "పెరిగింది" అని ఆపకండి, ఎక్కడిదాకా పెరిగింది, ఎక్కడ నుంచి తగ్గింది, అంకెలతో రాయండి.

## 10. జవాబు రాయడం: మార్కుకు ఒక పాయింట్

ముందు ప్రశ్నలో ఏం చేయమన్నారో దాని కింద గీత గీయండి. "పేర్కొనండి" అంటే పేరు చాలు. "వర్ణించండి" అంటే ఏం జరుగుతుందో చెప్పాలి. "వివరించండి", "కారణాలు తెలపండి" అంటే ఎందుకో రాయాలి. "భేదాలు" అంటే పట్టిక, రెండు వైపులా ఒకే అంశం మీద పోలిక. ఒకవైపు గోడ మందం గురించి, రెండోవైపు రక్తం రంగు గురించి రాస్తే అది భేదం కాదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మూడు మార్కుల ప్రశ్న: ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటే మందంగా ఎందుకుంటుంది?

ఎక్కువమంది రాసేది:

"గుండె మన శరీరంలో చాలా ముఖ్యమైన అవయవం. గుండెలో నాలుగు గదులుంటాయి. ఎడమ జఠరిక రక్తాన్ని పంపుతుంది కాబట్టి దాని గోడ మందంగా ఉంటుంది."

మొదటి రెండు వాక్యాలూ నిజమే, కానీ అడగలేదు. మూడోది సగం జవాబు. కుడి జఠరిక కూడా రక్తాన్ని పంపుతుంది మరి.

మార్కులొచ్చే జవాబు:

"1. ఎడమ జఠరిక బృహద్ధమని ద్వారా శరీరమంతటికీ రక్తాన్ని పంపాలి. 2. అందుకు ఎక్కువ పీడనం కావాలి, ఆ పీడనాన్ని కలిగించడానికి మందమైన కండర గోడ అవసరం. 3. కుడి జఠరిక దగ్గర్లో ఉన్న ఊపిరితిత్తులకే తక్కువ పీడనంతో పంపుతుంది కాబట్టి దాని గోడ పలుచగా ఉంటుంది."

పొడవు పెద్దగా పెరగలేదు చూడండి. ఒక్కో వాక్యం ఒక్కో మార్కు తెస్తోంది. "ఎందుకు" అన్న ప్రశ్నకు రాసిన జవాబులో "కాబట్టి", "అందువల్ల", "అందుకు" లాంటి మాట ఒక్కటీ లేకపోతే కారణం రాయలేదేమో అని అనుమానించండి.

## 11. పాత ప్రశ్నపత్రాలు, తప్పుల నోటుబుక్

పాత పేపర్‌ను "ఇది వచ్చు, ఇది కూడా వచ్చు" అని చూస్తూ పోవడం దండగ. గడియారం పెట్టుకుని, ఫోన్ వేరే గదిలో ఉంచి, పూర్తి సమయం కూర్చుని రాయండి. కనీసం రెండు అలా.

తర్వాత మీరే దిద్దండి, గట్టిగా. "నా ఉద్దేశం అదే" అనేదానికి మార్కు వేసుకోకండి. పోయిన ప్రతి మార్కునూ తప్పుల నోటుబుక్‌లో రాసి, పక్కన కారణం పెట్టండి:

- తెలియదు: పాఠానికి తిరిగి వెళ్లాలి.
- తెలుసు, గుర్తు రాలేదు: పలకరించే చక్కర్లు సరిపోలేదు. రేపు, ఎల్లుండి మళ్లీ మూసి రాయాలి.
- తెలుసు, రాయడం తప్పింది: ప్రశ్న సరిగ్గా చదవలేదు, పాయింట్లు తక్కువ, పేరు తప్పు, సమయం చాలలేదు.

మూడో రకం ఎక్కువగా ఉన్నవాళ్లు మరింత చదివి లాభం లేదు. వాళ్లకు కావలసింది ఇంకో పేపర్ రాయడం. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టాగా చేస్తారు, మార్కులు తగ్గగానే మళ్లీ మొదటి పాఠం తెరుస్తారు.

"ముఖ్యమైన ప్రశ్నలు" అని చేతులు మారే జాబితాలను సాధనకు వాడుకోండి. వాటిని నమ్ముకుని పాఠాలు వదిలెయ్యకండి.

## 12. పరీక్షకు ముందు రోజు, పరీక్ష రోజు

ముందు రోజు కొత్తది ముట్టుకోకండి. తప్పుల నోటుబుక్, రంగు పెన్నుతో చేర్చిన మాటలు, ముఖ్యమైన బొమ్మలు ఒక్కోసారి మూసి గీయడం. అంతే పని. రాత్రంతా మేలుకుంటే అదనంగా చదివినదానికంటే ఉదయం జారిపోయేదే ఎక్కువ.

☐ హాల్‌టికెట్, రెండు పెన్నులు, రెండు పెన్సిళ్లు, స్కేలు, రబ్బరు సంచిలో పెట్టానా

☐ పరీక్ష సమయం, గది ఇంకోసారి చూసుకున్నానా

☐ హాలు బయట "ఇది చదివావా?" అని అడిగే స్నేహితులకు కాస్త దూరంగా ఉన్నానా

హాల్లో:

1. పేపరంతా ఒకసారి చదవండి. చాయిస్ ఉన్నచోట ఏది రాస్తారో అప్పుడే గుర్తు పెట్టండి.
2. మొత్తం నిమిషాల్ని మొత్తం మార్కులతో భాగిస్తే మార్కుకు ఎన్ని నిమిషాలో తెలుస్తుంది. చివర సరిచూసుకోవడానికి పది నిమిషాలు పక్కన పెట్టి లెక్కించండి.
3. బాగా వచ్చినవాటితో మొదలుపెట్టండి, ప్రశ్న నంబరు మాత్రం తప్పకుండా వేయండి.
4. ఒక పదం గుర్తు రాకపోతే అక్కడే కూర్చోకండి. ఖాళీ వదిలి ముందుకెళ్లండి. ఆ భాగం బొమ్మ పక్కన చిత్తుగా గీస్తే చాలాసార్లు పేరు దానంతటదే వస్తుంది.
5. తెలియని ప్రశ్నను ఖాళీగా వదలకండి. తప్పు జవాబుకు మార్కులు కోసే పేపర్ కాకపోతే, ఆ పాఠంలో దానికి దగ్గరగా తెలిసిన ఒక సరైన పాయింటైనా రాయండి.

చివరి పది నిమిషాల్లో జవాబులన్నీ మళ్లీ చదవాలని చూడకండి, సమయం చాలదు. వీటినే చూడండి: ప్రశ్న నంబర్లు, బొమ్మల పేర్లు, గుండెలో కుడి ఎడమలు, గ్రాఫు ప్రమాణాలు, నిష్పత్తులు, వెనక పేజీలో మిగిలిపోయిన ప్రశ్న.